మంచె మీద అమ్మ

ఈ అరబ్బు దేశంలో, బర్కాలో నేను పనిచేసే తోట చివర పశువుల మేతకు జొన్న వేశారు. విత్తనం కోసమని ఒక మూల కోయకుండా వదిలారు. కంకి గింజ పట్టగానే పిచ్చుకలు దిగాయి. తోటపని చూసే జగిత్యాల తమ్ముడు ఖాళీ నూనె డబ్బా మెడకు తగిలించుకుని కర్రతో వాయిస్తూ గట్ల మీద తిరుగుతున్నాడు.

"గీ పిట్టల తోని పరేషానైతాంది అక్కా! ఇటు కొడితే అటు వడుతున్నయ్. పొద్దంత గిదే డ్యూటీ!" అని అరిచాడు నన్ను చూసి.

నా డ్యూటీ ఆ ఇంటి పెద్దామెను చూసుకోవడం. స్నానం, తిండి, మందులు, పొద్దున పూట చక్రాల కుర్చీలో నిమ్మచెట్ల కిందకు తీసుకెళ్లడం. ఆమె పుట్టింది ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో. వయసులో ఉన్నప్పుడు అక్కడినుంచి ఈ దేశం వచ్చేశారట. అరబ్బీ, కొంచెం హిందీ మాట్లాడుతుంది. ఈమధ్య రెండూ జారిపోయి, ఇంట్లో పిల్లలకు తెలియని మాటలేవో గొణుగుతోంది. వయసు మీదపడి అలా అంటోందనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ రోజు డబ్బా చప్పుడుకు పిచ్చుకలన్నీ ఒక్కసారిగా లేచి, గాలిలో తిరిగి, అవతలి మూలన వాలాయి. పెద్దామె కుర్చీలోంచి ముందుకు వంగి, చెయ్యెత్తి, "న్దెగే! న్దెగే!" అని అరిచింది.

కాఫీ పోస్తున్న నా చెయ్యి ఆగింది. నోరు మాత్రం ఆగలేదు. "న్దెగే వెంగి, బీబీ. వెంగి సానా" అన్నాను. పిట్టలు అవ్వా, చాలా పిట్టలు అని. చిన్నప్పుడు మాట్లాడిన భాష. అమ్మా నాయనా పోయాక మాట్లాడేందుకు నాకింకెవరూ లేని భాష.

పెద్దామె నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు హింద్ దేశపుదానివి. ఈ మాట నీకు ఎవరు నేర్పారు?"

"ఇంకో బీబీ" అన్నాను.

"కూర్చో. చెప్పు" అంది.

*

మా నాయన కడప వైపు మెట్ట ఊళ్లో లెక్కల అయ్యవారు. ఆఫ్రికాలో కొత్తగా బళ్లు పెడుతున్నారు, అయ్యవార్లు కావాలంటున్నారని ఎవరో చెబితే పేరిచ్చాడు. అమ్మకు చెప్పింది మాత్రం ఓడ టికెట్లు చేతికొచ్చాకే. ఓడలో నేను తిన్నదంతా కక్కుకుంటూ పోయాను. తర్వాత రైలు. తర్వాత గింజల బస్తాలు మోసే లారీ. లారీ ముందు సీటులో అమ్మ ఒళ్లో నేను. ఆమె చీరకు పట్టిన ఇంజను వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతున్నట్టే ఉంటుంది.

లారీ దిగి అమ్మ నలువైపులా చూసింది. ఎర్ర నేల. ముళ్లకంపలు. దూరంగా బోడి గుట్టలు. పైన మట్టి పరిచిన మిద్దెలు, వాటి ముందు మేకల దొడ్లు. సన్నగా ఎండిన వాగు.

"ఇంత సముద్రం దాటి వచ్చింది దీనికేనా?" అంది. "అంతా మన ఊరి మాదిరే ఉండాది. మన మనుషులే లేరు."

అది కోపం కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆ చోటు కొత్తగా ఉండి ఉంటే, వింతలు చూస్తూనైనా కొన్నాళ్లు గడిపేదేమో. చూసిందల్లా ఇంటినే గుర్తుచేసేదామెకు. నాయన బడికి పోతే తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది. పెట్టెలోని చీరలు తీసి మళ్లీ మడిచి పెట్టేది. రోజుల తరబడి నాతో కూడా అవసరమైనంత వరకే మాట్లాడేది.

చివరికి నాయనే దిగివచ్చాడు. "వానల్లో దారి మూసుకపోతుంది. వానలు సద్దుమణిగినాక మళ్లీ లారీ వస్తుంది. దాంట్లో నువ్వూ పాపా పోండి. నా ఒప్పందం అయినాక నేనొస్తా" అన్నాడు. అప్పటినుంచి అమ్మ లారీ కోసం బతికింది.

నాకు మాత్రం పోవాలని లేదు. ఎందుకంటే పక్కింట్లో బీబీ ఉంది, బీబీ మనవరాలు ఉంది.

బీబీ పొడుగ్గా, సన్నగా ఉండేది. చెవి తమ్మెలకు పెద్ద రంధ్రాలు, వాటిల్లో పూసల చుట్టలు. కొడుకు ఎక్కడో దూరాన కిత్తనార తోటల్లో పనికి పోయాడు, కోడలు లేదు. ఇంట్లో ఉన్నది అవ్వా మనవరాలే. మనవరాలికి నా వయసే. ఆ పిల్ల నాకు భాష నేర్పింది, నేను ఆ పిల్లకు తొక్కుడుబిళ్ల నేర్పాను.

ఆ ఊళ్లో ఎవరింటికి పోయినా గుమ్మం ముందు నిలబడి "హోది!" అనాలి. లోపలివాళ్లు "కరిబు" అంటేనే అడుగు పెట్టాలి. మేమిద్దరం ఇంటింటి ముందూ గొంతు మార్చి "హోది" అని అరిచి, లోపలినుంచి "కరిబు, కరిబు" అంటుంటే దొడ్డి వెనక్కి పరుగెత్తేవాళ్లం. ఒకసారి ఊరిపెద్ద భార్య పిండి దంచుతున్న రోకలితోనే మా వెంట పడింది. బావోబాబ్ చెట్టు కాయలు పగలగొట్టి లోపలి తెల్లటి పులుపును చప్పరించేవాళ్లం. అది చింతపండుకు చుట్టం లాంటి రుచి. బీబీ ఎండబెట్టుకున్న వేరుసెనక్కాయలను లంగా మడతలో దాచుకుని మేకల మధ్య కూర్చుని తినేవాళ్లం. పొట్టు మేకలు తినేసేవి కాబట్టి దొంగతనం బయటపడదని మా ధీమా. బీబీ మేకలను చూసి, మమ్మల్ని చూసి, "ఈ ఏడు మేకలు బాగా బలిశాయి" అనేది.

బీబీ రోజూ సాయంత్రం మా గుమ్మం ముందు "హోది" అనేది. అమ్మ పలకదు. బీబీ గిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయేది. గిన్నెలో వేడి వేడి జొన్నపిండి ముద్ద, దాని పక్కన జిగురుగా ఉడికిన, ఎండబెట్టిన ఆకుల కూర. ఆ ముద్దను ఉగాలి అంటారు.

అమ్మ ఒకనాడు వేలితో తాకి, కొంచెం నోట్లో వేసుకుంది. "సంగటే గదా ఇది" అంది మెల్లగా. తర్వాత, "ఉప్పు లేదు" అంది. మరునాడు గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అందులో కాసిన్ని ఊరగాయ ముక్కలు వేసి నా చేత పంపింది. బీబీ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని, అరుగు మీద అటూ ఇటూ తిరిగి, నీళ్లు తాగి, ఇంకో ముక్క తీసుకుంది.

*

ఆ ఏడు వాన వెనకబడింది. మగవాళ్లు పొద్దున లేవగానే తూర్పు గుట్టల వైపు చూసేవాళ్లు. ఒకసారి నాలుగు చినుకులు పడితే ఊరంతా విత్తారు. మొలకలు వచ్చి, ఎండకు మాడిపోయాయి. మిగిలిన విత్తనం ఇక తినాలా, మళ్లీ విత్తాలా అని పెద్దలు బావోబాబ్ నీడలో కూర్చుని మాట్లాడుకున్నారు. నాయన కూడా వెళ్లి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి కురిసింది. మా మిద్దె కారింది. అమ్మ గిన్నెలన్నీ కారే చోట్ల పెట్టి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తడిసిన ఎర్రమట్టి వాసన ఇల్లంతా నిండిపోయింది. అమ్మ కళ్లు మూసుకుని దాన్ని పీల్చడం నేను చూశాను.

వాన వెలిసిన మరుక్షణం పుట్టల్లోంచి ఉసుళ్లు లేచాయి. పిల్లలంతా గంపలు తీసుకుని పరుగెత్తారు. నేనూ లంగా నిండా పట్టుకొచ్చాను. తిడుతుందేమోనని గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"యాడ దొరికినాయి పాపా?" అంది అమ్మ. ఆ గొంతు నాకు కొత్త. "ఇంగా ఉండాయా? పో, గంప తీసుకొనిపో!"

చాటలో పోసి చెరిగింది. రెక్కలన్నీ ఎగిరిపోయాయి. పెనం మీద ఉప్పు చల్లి వేయించింది. నెయ్యి కాగినట్టు కమ్మటి వాసన. ఆ వాసనకు పక్కింటి ఆడవాళ్లు వచ్చి గుమ్మం ముందు "హోది" అన్నారు. అందరికంటే ముందు బీబీ.

"కరిబు" అంది అమ్మ. అదే మొదటిసారి.

మరునాడు బీబీ అమ్మ చెయ్యి పట్టుకుని తన చేనికి తీసుకుపోయింది. చేనులో ఒక పక్కన మడమతో గీత గీసి, "ఇది నీది" అంది. నేను తెలుగులో చెప్పాను.

"నాకెందుకు? నేను పోయేదాన్ని గదా. చెప్పు ఆమెకు" అంది అమ్మ.

చెప్పాను. బీబీ తల ఊపింది. "పోయేదాకా ఏం చేస్తుంది? ఇంట్లో కూర్చుంటే ఆడమనిషికి జబ్బు చేస్తుంది. విత్తమను. కోతకు ఉంటే తను కోసుకుంటుంది, లేకపోతే నేను కోసుకుంటాను."

అమ్మ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి పార అందుకుంది. వాళ్ల పారకు పొడుగాటి కర్ర, చివర చిన్న రేకు. మొదటి రోజే బొబ్బలెక్కాయి. మరునాడూ పోయింది. కొన్నాళ్లకు నన్ను పిలవడం మానేశారు వాళ్లిద్దరూ. అమ్మ తెలుగులో చెబుతుంటే బీబీ తన భాషలో జవాబిచ్చేది. సాళ్లు ఎంత దూరంలో ఉండాలనే దాని మీద పోట్లాడుకున్నారు కూడా. "ఇంత ఒత్తుగా వేస్తే యాడ ఈనుతుంది? నీకేం తెలీదు గమ్మునుండు" అని అమ్మ కసిరితే, బీబీ పార కర్ర మీద గడ్డం ఆనించి నవ్వేది. చివరికి తనకు నచ్చినట్టే విత్తేది. నేల తనది కదా.

*

జొన్న నా తలను దాటింది. కంకి పాలు పోసుకుంది. గింజను గోటితో నొక్కితే తెల్లటి పాలు వచ్చేవి. అమ్మ కొన్ని కంకులు కాల్చి, అరచేతుల్లో నలిచి, ఊసబియ్యం ఊది మాకు పెట్టింది. అది తిన్న రోజే పిట్టలొచ్చాయి.

ముందు దూరంగా పొగ అనుకున్నాం. ఆ పొగ మలుపు తిరిగింది. పల్చబడి, చిక్కబడి, నేల మీదకు దిగింది. ఎర్రముక్కు పిట్టలు. పిచ్చుకంతే ఉంటాయి గాని అవి వాలిన ముళ్లచెట్టు కొమ్మలు బరువుకు వంగిపోయేవి. మంద ఒక చేలో వాలి లేచిందంటే గింజ ఉండేది కాదు, తెల్లబోయిన కంకులే మిగిలేవి.

నాయన బడి మూసేశాడు. మూయకపోయినా వచ్చేవాళ్లు లేరు. తెల్లవారగానే ఊరు ఊరంతా చేలల్లోకి. ప్రతి చేనులో కర్రల మంచె. రేకు డబ్బాలు, చెక్కలు, కేకలు. పిల్లలం గట్ల వెంట పరుగెత్తుతూ అరిచేవాళ్లం. సాయంత్రానికి గొంతులు పోయేవి.

బీబీ తన మంచె ఎక్కి నడుముకు చుట్టుకున్నదేదో విప్పింది. చెట్టునార పేని, మధ్యలో వెడల్పుగా అల్లిన తాడు. అందులో మట్టిబెడ్డ పెట్టి, తల చుట్టూ గిర్రున తిప్పి ఒక కొస వదిలింది. చెళ్లుమంది. చేను అవతలి అంచున పిట్టలు గుప్పున లేచాయి.

అమ్మ నోరు తెరిచి చూసింది. "ఒడిసెల!" అంది. "పాపా, చూడు, ఒడిసెల! మా అమ్మ తిప్పేది ఇట్లనే!" అని పకపకా నవ్వింది. ఓడ ఎక్కినప్పటినుంచి అమ్మ నవ్వడం నేను విననే లేదు. అందుకే పిట్టలను వదిలి అమ్మనే చూస్తూ నిలబడిపోయాను.

ఆ మరుసటి రోజు మంచె మెట్టు విరిగి బీబీ కింద పడింది. చీలమండ గుమ్మడికాయలా వాచింది. నలుగురు మోసుకుపోయి ఇంట్లో పడుకోబెట్టారు. బీబీ మూలగలేదు. తల తిప్పి చేని వైపే చూస్తోంది. మనవరాలు ఆమె పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఆ ఇంట్లో గింజ ఇంకెక్కడా లేదు. గాదెలో అడుగు కనిపిస్తున్న సంగతి ఊరందరికీ తెలుసు. పక్కవాళ్లను రమ్మనడానికి లేదు, ఎవరి చేను వాళ్లకే చాలడం లేదు.

అమ్మ బీబీ కాళ్ల దగ్గర కూర్చుని వాపును చూసింది. తర్వాత వంగి, బీబీ నడుము నుంచి ఒడిసెల విప్పి తీసుకుంది. చేనికి పోయి, విరిగిన మెట్టు దగ్గర గుంజను పట్టుకుని మంచె ఎక్కింది.

మొదటి బెడ్డ ఎటో పోయింది. రెండోది మంచె కిందే పడింది. మూడోసారి తాడు చెళ్లుమంది.

"హో... హోయ్! హో... హోయ్!"

అది మా అమ్మమ్మ ఊరి కేక. పక్క చేల వాళ్లు తిరిగి చూశారు. కాసేపటికి అటునుంచి ఒకామె అదే కేక వేసింది. తర్వాత ఇంకొకామె. సాయంత్రానికి ఆ గుట్టల నడుమ ఊరంతా కడప జొన్నచేల కేకే.

నేనూ, బీబీ మనవరాలూ వాగులోంచి తడి మట్టి తెచ్చి ఉండలు చేసి మంచె మీదకు అందించేవాళ్లం. అమ్మ భుజం వాచింది. గొంతు పోయింది. మంచె మీదే నిలబడి సంగటి ముద్ద తినేది. ముఖం నల్లబడి, జుట్టు ఎర్రమట్టి పట్టి, నాకే కొత్తమనిషిలా ఉండేది.

అలా ఉండగా లారీ వచ్చింది.

ఇక్కడ పెద్దామె నన్ను ఆపింది. కాఫీ చల్లారిపోయింది. జగిత్యాల తమ్ముడు కూడా డబ్బా పక్కన పెట్టి నిమ్మచెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు, అర్థమైనంత వింటూ.

"ఎక్కిందా?" అంది పెద్దామె. "మీ అమ్మ లారీ ఎక్కిందా?"

తను ఎక్కి వచ్చిన పడవ గుర్తొచ్చిందేమో, నేను అడగలేదు.

నాయన చేనికి వచ్చాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని మంచె వైపు చూశాడు.

"లారీ వచ్చింది. దారి బాగుండాదంట. రేపు పొద్దున్నే పోతుందంట. పెట్టె సర్దుకో."

అమ్మ వినిపించుకోలేదు. బెడ్డ పెట్టి తిప్పింది. చెళ్లుమంది.

"నిన్నే! ఇది పోతే మళ్లీ లారీ ఎప్పుడో నాకు తెలీదు. ఆలోచించుకో."

"ఇప్పుడా?" అంది అమ్మ. పోయిన గొంతుతోనే అరిచింది. "మీకు కండ్లు కనపడల్యా? అటు పక్క చూడండి, ఎట్ల దిగుతాండాయో! ఇప్పుడు నేను దిగితే ఆ ముసలామె ఏం తింటుంది? పిల్ల ఏం తింటుంది?"

"మరి ఊరికి..."

"పిట్టలు పోనీండి ముందు! ఊరికే నిలబడకపోతే ఆ డబ్బా తీసుకొని అటు తిరగండి!"

మా నాయన బళ్లో గట్టిగా అరవని మనిషి. చుట్టూ చూశాడు. పంచె మోకాళ్లపైకి కట్టుకుని, డబ్బా తీసుకుని, "హో హోయ్" అంటూ చేను అవతలికి పరుగెత్తాడు. బడిపిల్లలు పడీపడీ నవ్వారు. మరునాడు పొద్దున లారీ మేం లేకుండానే పోయింది. దాని చప్పుడు విన్నాం గాని, ఎవరం ఆ వైపు చూడలేదు.

"అల్‌హమ్దులిల్లా" అంది పెద్దామె, కుర్చీలో వెనక్కి వాలి.

*

పిట్టలు వచ్చినట్టే పోయాయి. ఒక ఉదయం చేలమీద ఏ చప్పుడూ లేదు. నమ్మకం కలగక మధ్యాహ్నం దాకా అందరం మంచెల మీదే ఉన్నాం.

పంట నిండుగా రాలేదు. కొన్ని చేలు పూర్తిగా పోయాయి. బీబీ చేను సగానికి పైగా దక్కింది. పోయినవాళ్లకు దక్కినవాళ్లు గంపలతో పంచారు. అలా పంచడం అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని కాదు. ఆ ఏడు మా ఊళ్లో అందరూ కొంచెం కొంచెం తక్కువ తిన్నారు, ఎవరూ పస్తు పడుకోలేదు.

కళ్లం రోజు ఆడవాళ్లంతా వరసగా నిలబడి కర్రలతో కంకులు కొట్టారు. ఒక వరస కర్రలు లేస్తే, ఎదుటి వరస కర్రలు దిగేవి. పాట సాగుతూనే ఉంది. బీబీ కాలు చాపుకుని కూర్చుని, ఎవరు తాళం తప్పినా పేరు పెట్టి తిట్టేది. అమ్మ వరస మధ్యలో ఉంది. జొన్న దుమ్ముకు ఒళ్లంతా దురదలు. నేను వెళ్లి కొంగు లాగాను. ఎన్నాళ్లుగానో అడగడానికి భయపడుతున్న మాట.

"అమ్మా, మనం ఎప్పుడు పోతాం?"

"యాడికి?" అంది అమ్మ, కర్ర దించకుండానే.

తర్వాత కొన్ని ఏళ్లు అక్కడే ఉన్నాం. నాయన ఒప్పందం మళ్లీ రాశాడు. నా తమ్ముడు అక్కడే, బీబీ చేతుల్లోనే పుట్టాడు. బీబీ కొడుకు కిత్తనార తోటలనుంచి తిరిగొచ్చి, ఆ చేను తానే చూసుకోవడం మొదలుపెట్టాడు. మేం వచ్చేసేనాటికి బీబీ మనవరాలు బళ్లో పెద్ద తరగతికి వచ్చింది. టీచరవుతానని మా నాయనతో చెప్పింది. అయ్యే ఉంటుంది. ఆ పిల్ల అన్నదేదీ చేయకుండా వదిలింది నేను చూడలేదు.

ఆ ఊరు ఇప్పుడు అలా ఉండదని తెలుసు. మిద్దెలు పోయి రేకులు వచ్చి ఉంటాయి. లారీ కోసం వానలు తగ్గేదాకా ఎదురుచూసేవాళ్లు ఉండరు. ఉండకపోవడమే మంచిది. ఇక్కడ ఈమధ్య నేనూ పెద్దామే పొద్దునపూట ఆ భాషలోనే మాట్లాడుకుంటున్నాం. మరిచిపోయిన మాటలు ఒకరికొకరం అందించుకుంటాం. ఇంట్లో పిల్లలు వింతగా చూస్తారు. చిన్నమనవరాలు కొన్ని మాటలు పట్టేసింది.

మేం కడపకు తిరిగివచ్చిన రోజు మాత్రం నాకు చాలా స్పష్టంగా గుర్తుంది. మా ఇంటి ముందు ఊరి ఆడవాళ్లంతా చేరారు. అమ్మను చుట్టుముట్టి, తడిమి తడిమి చూశారు. నల్లబడినావన్నారు. చిక్కినావన్నారు.

"ఆఫ్రికాలో సింహాలు ఉంటాయంట గదమ్మే! చూసినావా?" అని అడిగింది మా మేనత్త.

"ఉండాయేమో" అంది అమ్మ. "చూసేదానికి తీరిక యాడిది? పిట్టల్ని తోలేదానికే సరిపోయె."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. చాపమీద చతికిలబడి, "ఆ ఏడు మా చేన్లో ఏమైందంటే..." అని మొదలుపెట్టింది. ఊరి వాగు పక్కనున్న మా నాయన వాళ్ల చేను సంగతి అనుకున్నారు వాళ్లు. ఆ చేన్లో అన్ని పిట్టలెప్పుడు పడ్డాయని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మ దిద్దలేదు. మా చేను, మా చేను అంటూనే చెప్పుకుపోయింది.